బ్యాంకు కొలువులు తగ్గితే సర్కారు పన్ను తగ్గుతుందా? నల్గొండ, పాలమూరు లెక్క

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బ్యాంకు బ్రాంచీలను కలిపేస్తున్నారు, రిటైరైన వాళ్ల సీట్లు ఖాళీగానే ఉంటున్నాయి. దీని మీద మీ సంఘం తరఫున ఎంపీకి వినతిపత్రం ఇవ్వబోతున్నారు. లండన్ బ్యాంకుల్లో ఉద్యోగాల కోతతో అక్కడి ఖజానాకు గండి పడుతుందన్న వార్త చూపించి, "ఒక్కో కొలువు పోతే జీతంలో 30 శాతం చొప్పున కేంద్రానికి పన్ను నష్టం" అని రాయొచ్చా అని అడిగారు.

ఆ వాక్యం రాయకండి. ఎంపీ పక్కన ఆర్థిక విషయాలు తెలిసిన ఒక్క మనిషి ఉన్నా దాన్ని అక్కడికక్కడే కొట్టిపారేస్తాడు, దాంతో మీ కాగితంలోని మిగతా న్యాయమైన మాటలూ పక్కకు పోతాయి. మన జిల్లాల్లో ఒక బ్యాంకు ఉద్యోగం పోతే కేంద్రానికి ప్రత్యక్ష పన్ను తగ్గదు, చాలా సందర్భాల్లో పెరుగుతుంది. నష్టం ఉంది, కానీ అది ఢిల్లీది కాదు. రాష్ట్రానిది, మీ ఊరి బజారుది. అంకెలతో చెప్తాను, మీ దగ్గరున్న జీతాల వివరాలు పెట్టి మీరే మళ్లీ లెక్క కట్టుకోవచ్చు. నేను వాడే రేట్లు 2025-26 ఆర్థిక సంవత్సరానివి, సెక్షన్ నంబర్లు 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన 2025 చట్టంలో నంబర్లు వేరుగా ఉంటాయి కాబట్టి కాగితం మీద పెట్టేటప్పుడు సరిచూసుకోండి.

జీతం బ్యాంకుకు ఖర్చు. ఆ ఖర్చు పోతే అంత మేరకు లాభం పెరుగుతుంది, లాభం మీదా పన్ను ఉంటుంది. అందుకే జీతం మీద పోయిన పన్ను ఒక్కటే చూస్తే సగం లెక్కే అవుతుంది. అదే రూపాయి ఉద్యోగి చేతిలో ఉంటే సర్కారుకు ఎంత, బ్యాంకు లాభంలో ఉంటే ఎంత అని రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

బ్యాంకు వైపు లెక్క తేలిక. పెద్ద బ్యాంకులు చాలావరకు 115బీఏఏ సెక్షన్ కింద పన్ను కడతాయి. 22 శాతం పన్ను, దాని మీద 10 శాతం సర్‌చార్జి, ఆ రెండింటి మీద 4 శాతం సెస్సు. మొత్తం 25.168 శాతం. మొదటి రూపాయి నుంచి చివరి రూపాయి దాకా ఇదే రేటు.

ఉద్యోగి వైపు అలా కాదు. ఆదాయపు పన్ను కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు, ఆ తర్వాత ప్రతి 4 లక్షలకు 5, 10, 15, 20, 25 శాతం, 24 లక్షలు దాటితే 30 శాతం. 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి నేరుగా తీసేసే మొత్తం), 87ఏ రిబేటు (ఒక స్థాయిలోపు ఆదాయానికి పన్ను మాఫీ) కలుపుకుంటే 12.75 లక్షల జీతం దాకా కట్టాల్సింది సున్నా. బ్యాంకు యాజమాన్యాలు, ఉద్యోగ సంఘాల మధ్య కుదిరిన 12వ ద్వైపాక్షిక వేతన ఒప్పందం ప్రకారం క్లర్కు మూల వేతనం నెలకు 24,050తో, స్కేల్-1 (మొదటి మెట్టు) ఆఫీసరు మూల వేతనం 48,480తో మొదలవుతుంది. డీఏ, అలవెన్సులన్నీ కలిపినా దేవరకొండలోనో అచ్చంపేటలోనో కౌంటర్లో కూర్చునే క్లర్కుల్లో ఎక్కువ మందికి ఆదాయపు పన్ను పడదు. కొత్త ఆఫీసర్లలోనూ ఎక్కువ మందికి పడదు. మీరు రాద్దామనుకున్న 30 శాతం 24 లక్షలు దాటిన భాగానికి మాత్రమే వర్తించే రేటు.

ఇక అంకెలు. ఒక క్లర్కు మీద బ్యాంకుకు ఏడాదికి 8 లక్షల ఖర్చు అనుకుందాం. అతను కడుతున్న ఆదాయపు పన్ను సున్నా. ఆ సీటు ఖాళీ అయితే బ్యాంకు లాభం 8 లక్షలు పెరిగి, పన్ను 2,01,344 రూపాయలు పెరుగుతుంది. అదే 18 లక్షల జీతమున్న సీనియర్ ఆఫీసరైతే పన్ను పడే ఆదాయం 17.25 లక్షలు, పన్ను 1,45,000, సెస్సుతో 1,50,800. ఆ 18 లక్షలు లాభంలోకి మళ్లితే పన్ను 4,53,024. అంటే ఈ ఆఫీసరు సీటు పోతే కేంద్రానికి ఏటా 3,02,224 రూపాయలు ఎక్కువే వస్తుంది.

ఎంత జీతం దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది? 50 లక్షలు దాటితే పడే 10 శాతం సర్‌చార్జితో కలిపి లెక్కేస్తే, సుమారు 55 లక్షల వార్షిక జీతం దగ్గర ఉద్యోగి సగటు పన్ను 25.168 శాతాన్ని అందుకుంటుంది. అంతకు పైన జీతం తీసుకునే మనిషి కొలువు పోతేనే ఖజానాకు ప్రత్యక్ష పన్నులో నష్టం. ఆ స్థాయి జీతాలు ముంబైలో ఉంటాయి, నల్గొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల ఏ బ్రాంచిలోనూ ఉండవు.

మీరు పంపిన లండన్ వార్త అక్కడికి నిజమే. బ్రిటన్‌లో 1,25,140 పౌండ్లు దాటిన ఆదాయం మీద 45 శాతం పన్ను, ఉద్యోగి నేషనల్ ఇన్సూరెన్స్ (అక్కడి సామాజిక భద్రత చందా) 2 శాతం, 2025 ఏప్రిల్ నుంచి యజమాని కట్టేది 15 శాతం. అంటే పై స్థాయి బ్యాంకరుకు 100 పౌండ్లు ఇవ్వడానికి బ్యాంకు 115 ఖర్చు పెడితే, అందులో 62 సర్కారుకే పోతాయి. ఆ 115 లాభంగా మిగిలిపోతే, కార్పొరేషన్ పన్ను 25, బ్యాంకుల మీద అదనపు సర్‌చార్జి 3, వెరసి 28 శాతం చొప్పున సుమారు 32 పౌండ్లే వస్తాయి. అక్కడ కొలువు పోతే ఖజానాకు 30 పౌండ్ల లోటు. పైగా బ్రిటన్‌లో పని పోయినవాళ్లకు సర్కారు భృతి ఇవ్వాలి. మన దగ్గర అందరికీ అలాంటి భృతి లేదు. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవాళ్లకు, అంటే నెల జీతం 21 వేలలోపు వాళ్లకు, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద 90 రోజులదాకా సగం వేతనం ఇస్తారు. బ్యాంకు క్లర్కు జీతం ఆ గీత పైన ఉంటుంది కాబట్టి అదీ రాదు. కాబట్టి లండన్ లెక్క తెచ్చి మిర్యాలగూడకు అంటించకండి.

ఇప్పటిదాకా చెప్పింది ఒక షరతు మీద నిలబడి ఉంది. ఆదా అయిన జీతం నిజంగా పన్ను పడే లాభంగా మారాలి. అలా కాని సందర్భాలు ఉన్నాయి. బ్యాంకు నష్టాల్లో ఉంటే, లేదా పాత నష్టాలు మోసుకొస్తుంటే (వ్యాపార నష్టాన్ని 8 ఏళ్లదాకా మోయొచ్చు), జీతాల ఆదా ఆ గుంతలోనే కలిసిపోతుంది. 2017-18లో ప్రభుత్వ రంగ బ్యాంకులన్నీ కలిపి 85 వేల కోట్లకు పైగా నష్టపోయాయి. అలాంటి ఏళ్లలో సిబ్బందిని తగ్గిస్తే జీతం మీది టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) వెంటనే పోతుంది, లాభం మీద పన్ను మాత్రం రాదు. ప్రాథమిక సహకార సంఘాలదీ వేరే దారి. వాటి అప్పుల వ్యాపారం ఆదాయానికి 80పీ కింద మినహాయింపు ఉంది కాబట్టి సంఘంలో ఒక కొలువు తగ్గితే కార్పొరేట్ పన్ను పెరగడమనే మాటే లేదు. గ్రామీణ బ్యాంకులకు, జిల్లా సహకార కేంద్ర బ్యాంకులకు ఆ మినహాయింపు 2007-08 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి లేదు. మీ వినతిపత్రంలో తెలంగాణ గ్రామీణ బ్యాంకు ప్రస్తావన ఉంది కదా. 2025 జనవరి 1 నుంచి ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ బ్రాంచీలు అందులో కలిశాయి, వాటిలో నల్గొండ, పాలమూరు బ్రాంచీలూ ఉన్నాయి. దాన్ని మామూలు బ్యాంకులాగే లెక్కలోకి తీసుకోండి.

ఇంకో సందర్భం స్వచ్ఛంద పదవీ విరమణ, అదే వీఆర్ఎస్. దీని గురించి మీ వాళ్లలో గందరగోళం ఉన్నట్టుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 2000-01లో ప్రభుత్వ బ్యాంకుల్లో వచ్చిన వీఆర్ఎస్‌లో సుమారు లక్ష మంది బయటికి వెళ్లారు. పూర్తి చేసిన ఒక్కో ఏడాది సర్వీసుకు 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసుకు వచ్చే జీతం, ఏది తక్కువైతే అది ఇచ్చారు. ఇప్పుడు అలాంటి పథకం వస్తే పన్ను ఇలా నడుస్తుంది. ఉద్యోగికి 10(10సీ) కింద 5 లక్షల దాకా మినహాయింపు, జీవితంలో ఒక్కసారే. అది వాడుకుంటే అదే మొత్తం మీద 89 సెక్షన్ ఉపశమనం (ఒకేసారి పెద్ద మొత్తం వచ్చినప్పుడు పన్ను భారం తగ్గించేది) అడగడానికి లేదు. సెలవుల నగదుకు వేరే 25 లక్షల పరిమితి, గ్రాట్యుటీకి 20 లక్షల పరిమితి ఉన్నాయి, వాటిని ఈ 5 లక్షలతో కలపొద్దు. బ్యాంకుకేమో 35డీడీఏ సెక్షన్ ప్రకారం ఆ పరిహారం ఒకే ఏడాది ఖర్చు కింద రాసుకునే వీల్లేదు. ఏటా అయిదో వంతు చొప్పున అయిదేళ్లు రాసుకోవాలి.

పై ఆఫీసరే సెప్టెంబరు ఆఖరున 30 లక్షలు తీసుకుని వెళ్లాడనుకోండి. ఆ ఏడాది అతని చేతికొచ్చింది ఆరు నెలల జీతం 9 లక్షలు, వీఆర్ఎస్‌లో మినహాయింపు పోను 25 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే పన్ను పడేది 33.25 లక్షలు, పన్ను సెస్సుతో 6,00,600. మామూలు ఏడాదిలో అతను కట్టేది 1,50,800. అంటే అతని ఒక్కడి దగ్గరే 4,49,800 ఎక్కువ వచ్చింది. బ్యాంకు 9 లక్షల జీతం మిగుల్చుకుని, 30 లక్షల్లో 6 లక్షలు మాత్రమే ఖర్చు చూపించగలిగింది కాబట్టి లాభం 3 లక్షలు, పన్ను 75,504 పెరిగాయి. మొదటి ఏడాది కేంద్రానికి అదనంగా వచ్చింది 5,25,304 రూపాయలు. రెండో ఏడాది నుంచి అయిదో ఏడాది దాకా ఏటా 1,51,216 చొప్పున అదనం, ఆరో ఏట నుంచి 3,02,224. అంటే మనుషులు పెద్ద ఎత్తున వెళ్లిపోయిన ఏడాదే పన్ను వసూళ్లు ఎగబాకుతాయి. ఆ అంకె చూపించి "కోతల వల్ల నష్టమేమీ లేదు" అని ఎవరైనా అంటే, ఆ ఏడాది ఎగిసిన పన్నులో ఎక్కువ భాగం ఆ ఉద్యోగి ముందు బతుక్కి దాచుకోవాల్సిన పైసల్లోంచి వచ్చిందని చెప్పండి.

ఇందులో మీ సంఘానికి తప్పక తెలియాల్సిన షరతు ఒకటుంది. 10(10సీ) మినహాయింపు దొరకాలంటే 2బీఏ రూలు ప్రకారం, వీఆర్ఎస్‌తో ఖాళీ అయిన పోస్టు మళ్లీ నింపకూడదు, మొత్తం సిబ్బంది సంఖ్య తగ్గాలి. వెళ్లిన ఉద్యోగి అదే యాజమాన్యం కింది మరో సంస్థలో చేరకూడదు. అంటే పన్ను చట్టమే ఆ సీటుకు తాళం వేస్తుంది. రిటైర్మెంటుతో ఖాళీ అయిన సీటు రేపు నోటిఫికేషన్లో రావచ్చు, వీఆర్ఎస్ సీటు రాదు. వినతిపత్రంలో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

మన దగ్గర ఎక్కువ జరుగుతున్నది వీఆర్ఎస్ కూడా కాదు, నేరుగా తీసేయడమూ కాదు. బ్రాంచీలు కలిసిపోతాయి, రిటైరైన సీటు ఖాళీగా ఉంటుంది, ఆ పని ఏజెన్సీ మనిషికో కస్టమర్ సర్వీస్ పాయింట్‌కో (బ్యాంకు తరఫున కమిషన్ మీద పనిచేసే చిన్న కేంద్రం) పోతుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాక ఒకే బజారులో ఒకే బ్యాంకుకు రెండేసి బ్రాంచీలు తేలిన ఊళ్లు మనకు తెలుసు. విలీనం వల్ల "తెలంగాణ పన్ను ముంబైకి పోయింది" అనే మాట అప్పటి నుంచి తిరుగుతోంది. ఇందులో నిజమెంత? ఆ రెండు బ్యాంకుల ప్రధాన కార్యాలయాలు హైదరాబాద్‌లో ఉండేవి కాబట్టి వాటి కార్పొరేట్ పన్ను ఇక్కడి లెక్కలో కనిపించేది, ఇప్పుడు ముంబై లెక్కలో కనిపిస్తుంది. అయితే కేంద్ర పన్నులో రాష్ట్రం వాటా పన్ను ఎక్కడ కట్టారన్న దాన్ని బట్టి రాదు, కేంద్ర పన్నులు రాష్ట్రాలకు ఎలా పంచాలో చెప్పే ఫైనాన్స్ కమిషన్ సూత్రాన్ని బట్టి వస్తుంది. లెక్కలో ఊరు మారినంత మాత్రాన తెలంగాణకు ఒక్క పైసా తగ్గలేదు. ఆ వాదనా వదిలేయండి.

ఏజెన్సీకి పని అప్పగిస్తే జీఎస్టీ రంగంలోకి వస్తుంది. ఉద్యోగి యజమానికి చేసే పని జీఎస్టీ చట్టం మూడో షెడ్యూలు ప్రకారం సేవ కిందికే రాదు, జీతం మీద జీఎస్టీ లేదు. అదే పని ఏజెన్సీ బిల్లు రూపంలో వస్తే 18 శాతం. 8 లక్షల ఖర్చున్న క్లర్కు స్థానంలో ఏజెన్సీ ఏడాదికి 3 లక్షల బిల్లు వేసిందనుకోండి, దాని మీద జీఎస్టీ 54 వేలు. చాలా బ్యాంకులు జీఎస్టీ చట్టం 17(4) సెక్షన్ కింద సగం క్రెడిట్ పద్ధతి (తాము కట్టిన జీఎస్టీలో సగం వెనక్కి తీసుకోవడం) ఎంచుకుంటాయి, కాబట్టి 27 వేలు వెనక్కి తీసుకుని 27 వేలు ఖర్చులో కలుపుకుంటాయి. బ్యాంకుకు నికరంగా మిగిలింది 4.73 లక్షలు, దాని మీద పన్ను 1,19,045. జీఎస్టీ నికరం 27 వేలు. కేంద్రం, రాష్ట్రం కలిపి 1,46,045 రూపాయల అదనపు రాబడి. ఆ కుర్చీలో కూర్చున్న కొత్త మనిషికి మాత్రం నెలకు పద్దెనిమిది వేలు. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పని అలాగే ఉంది, వరసలో జనం అలాగే ఉన్నారు, సర్కారు రాబడి పెరిగింది, ఒక ఇంటి ఆదాయం సగానికంటే కిందికి పడింది. పన్ను లెక్క ఒక్కటే పట్టుకుని వాదిస్తే ఇది ఎక్కడా కనపడదు.

ఊళ్లలోని కస్టమర్ సర్వీస్ పాయింట్ల సంగతి ఇంకో తీరు. పల్లె ప్రాంత బ్రాంచి ఖాతాలకు సంబంధించి బిజినెస్ కరస్పాండెంటు (ఆ పాయింట్ నడిపే ఏజెంటు) బ్యాంకుకు చేసే సేవ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది, 2017 నాటి 12వ నంబరు నోటిఫికేషన్ చూడండి. మున్సిపాలిటీ పరిధిలోని బ్రాంచికైతే ఆ మినహాయింపు వర్తించదు. అయినా ఏడాది రాబడి 20 లక్షలు దాటని కరస్పాండెంటు రిజిస్ట్రేషనే తీసుకోనక్కర్లేదు. కమిషన్ మీద 194హెచ్ కింద 2 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. అది చూసి "సర్కారుకు పన్ను వచ్చింది" అని రాయకండి. ఆ మనిషి ఆదాయం పన్ను పరిధిలో ఉండదు కాబట్టి రిటర్ను వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. టీడీఎస్ అనేది ముందస్తు వసూలే తప్ప తుది పన్ను కాదు. జీతాల టీడీఎస్ రిటర్ను (24క్యూ) అంకెలు చూసేటప్పుడూ ఈ జాగ్రత్త ఉండాలి. టీడీఎస్ నెలనెలా కడతారు, బ్యాంకు లాభం మీది అడ్వాన్సు పన్ను జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15న కడతారు. అందుకే కోత జరిగిన వెంటనే వసూళ్లు పడిపోయినట్టు కనిపించి, తర్వాతి విడతలో వేరే పద్దులో తేలతాయి.

బ్రాంచి మూతపడితే కిరాయి కూడా పోతుంది. 2024 అక్టోబరు 10 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని యజమాని దగ్గర వాణిజ్య స్థలం కిరాయికి తీసుకుంటే, రిజిస్ట్రేషన్ ఉన్న కిరాయిదారే 18 శాతం కట్టాలి. నెలకు 60 వేల కిరాయి ఉన్న బ్రాంచి మీద నెలకు 10,800. సగం క్రెడిట్ పోను సర్కారుకు మిగిలేది 5,400, ఏడాదికి 64,800. ఇందులో సగం తెలంగాణది. ఆ భవనంలోకి వెంటనే మరో దుకాణం వస్తే నష్టం లేదు. నల్గొండ ప్రకాశం బజార్ లాంటి చోట వస్తుంది. చిన్న మండల కేంద్రంలో స్ట్రాంగ్ రూమ్ కట్టిన మడిగెను అంత కిరాయికి తీసుకునేవాళ్లు వెంటనే దొరకరు.

ఇక అసలు విషయం, రాష్ట్రం సొంత రాబడి. మీ కాగితానికి బలం ఇక్కడుంది.

నల్గొండలో పనిచేసే ఆ ఆఫీసరు కట్టే 1,45,000 ఆదాయపు పన్నులో (సెస్సు రాష్ట్రాలకు పంచరు) రాష్ట్రాలన్నిటి వాటా 41 శాతం, 59,450. అందులో 2025-26 దాకా అమల్లో ఉన్న 15వ ఫైనాన్స్ కమిషన్ లెక్క ప్రకారం తెలంగాణకు 2.102 శాతం. వచ్చేది సుమారు 1,250 రూపాయలు. అతనే నెలకు 200 చొప్పున వృత్తి పన్ను ఏడాదికి 2,400 కడతాడు, అది మొత్తం రాష్ట్రానిదే. లక్షన్నర ఆదాయపు పన్ను కంటే ఆ రెండు వేల నాలుగొందలే రాష్ట్ర ఖజానాకు ఎక్కువ. సీటు పోయాక బ్యాంకు లాభం మీద పెరిగిన పన్నులో సర్‌చార్జి, సెస్సు తీసేస్తే పంచేది 3,96,000. దాన్నుంచి తెలంగాణకు సుమారు 3,413. ఇటు 1,250, 2,400 పోయి, అటు 3,413 వచ్చి, నికరంగా 237 రూపాయల నష్టం. దాదాపు సమం. క్లర్కు విషయంలో వచ్చేది 1,517, పోయేది వృత్తి పన్ను 2,400, నష్టం 883. వీటిని వంద కొలువులతో గుణించినా లక్ష రూపాయలు కాదు కాబట్టి వినతిపత్రం మొదట్లో పెట్టొద్దు. మనిషి హైదరాబాద్‌కు బదిలీ అయితే వృత్తి పన్ను తెలంగాణలోనే ఉంటుంది, ముంబై బ్యాక్ ఆఫీసుకు పని తరలితేనే మహారాష్ట్రకు పోతుంది. ఆ తేడా కూడా చూసుకోండి. బ్యాంకు చార్జీల మీది జీఎస్టీ మాత్రం పని ఎక్కడ జరిగినా కస్టమర్ చిరునామా ఉన్న రాష్ట్రానికే వస్తుంది.

పెద్ద నష్టం ఖర్చులో ఉంది. ఆ క్లర్కు ఇల్లు ఏడాదిలో జీఎస్టీ 18 శాతం పడే సరుకులు, సేవలు 2 లక్షల విలువైనవి (పన్నుతో కలిపి) కొంటుందనుకుంటే, అందులో పన్ను 30,508, రాష్ట్రం సగం 15,254. ఇంటి కిరాయి, పాలు, కూరగాయలు, బడి ఫీజుల మీద జీఎస్టీ లేదు కాబట్టి జీతం మొత్తాన్ని 18తో గుణించకండి. చాలామంది చేసే తప్పు అది. బండిలో పోసే పెట్రోలు జీఎస్టీలో లేదు. దాని మీద తెలంగాణ వ్యాట్ 35.20 శాతం, అదంతా రాష్ట్రానికే. బ్యాంకు లాభం పెరిగి డివిడెండుగా పోతే వాటాదారులూ ఎక్కడో ఖర్చు పెడతారు కదా అంటారు. పెడతారు, కానీ జడ్చర్లలోనో గద్వాలలోనో పెట్టరు. జీఎస్టీ సరుకు వాడిన చోటుకు చెందుతుంది కాబట్టి దేశం మొత్తానికి ఇది చేతులు మారడమే అయినా తెలంగాణకు నికర నష్టం. ప్రభుత్వ బ్యాంకుల డివిడెండులో కేంద్రానికీ వాటా ఉంది, 2024-25కు ఎస్‌బీఐ ఒక్కటే 8,076.84 కోట్లు ఇచ్చింది. అది పన్నేతర రాబడి, రాష్ట్రాలతో పంచేది కాదు.

స్టాంపు డ్యూటీ దీనికంటే బరువైనది. తెలంగాణలో ఇల్లు, ప్లాటు రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. బ్యాంకు ఉద్యోగి తక్కువ వడ్డీ స్టాఫ్ లోన్ తీసుకుని 50 లక్షల ఇల్లు కొంటే రాష్ట్రానికి 3,75,000 రూపాయలు ఒకేసారి వస్తాయి. అది అతని సుమారు నూటయాభై ఆరేళ్ల వృత్తి పన్నుకు సమానం. స్థిరమైన జీతం, స్టాఫ్ లోన్ ఉన్న మనిషే జిల్లా కేంద్రంలో ధైర్యంగా ఇల్లు కొంటాడు. నెలకు పద్దెనిమిది వేల ఏజెన్సీ మనిషి కొనడు. ఉద్యోగం మధ్యలో మానేసిన వాళ్లకు ఆ లోను సాధారణంగా మామూలు వడ్డీకి మారుతుంది, వాయిదా భారం పెరిగి ఇంటి ఖర్చు ఇంకా తగ్గుతుంది. కొత్తగా నియామకాలు ఆగిపోతే ఈ కొనుగోళ్లు అసలు పుట్టవు, పుట్టనివి ఏ లెక్కలోనూ నష్టంగా కనపడవు. ఇదే రాయండి, గట్టిగా రాయండి.

అప్పుల మాట చివరిది. బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసరు లేక మిల్లుల క్యాష్ క్రెడిట్ (రోజువారీ పెట్టుబడి అప్పు) రెన్యువల్స్, నారాయణపేట, గద్వాల నేతవాళ్ల ముద్రా లోన్లు ఆగుతున్నాయని మీరు రాశారు. అది నిజమైన నష్టం, కానీ పన్ను భాషలో చెప్పబోతే చిన్నదైపోతుంది. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు, లేబుల్ లేని విడి బియ్యం మీద జీఎస్టీ లేదు, చేనేత చీర మీద 5 శాతమే. దాన్ని పన్ను నష్టంగా కాకుండా అప్పు అందని కుటుంబాల సంఖ్యగా చూపించండి. ఆర్‌బీఐ ప్రతి మూడు నెలలకు జిల్లాలవారీగా డిపాజిట్లు, అప్పుల అంకెలు ప్రచురిస్తుంది. బ్రాంచీలు కలిపిన ఏడాదికి ముందు, తర్వాత అప్పుల పెరుగుదల పక్కపక్కన పెట్టండి.

సిబ్బంది అంకెలకు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ప్రభుత్వ బ్యాంకులు, గ్రామీణ బ్యాంకు దీని కిందికి వస్తాయి, ప్రైవేటు బ్యాంకులు రావు. 10 రూపాయల ఫీజు. రీజినల్ ఆఫీసు పౌర సమాచార అధికారికి రాసి, గత అయిదేళ్లలో మార్చి 31 నాటికి జిల్లాలో మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవాళ్లు, కేడర్ వారీగా అడగండి. జీతాల మొత్తం, వాటి మీద పట్టుకున్న టీడీఎస్ మొత్తం, వృత్తి పన్ను మొత్తం, ఏజెన్సీలకు చెల్లించిన మొత్తం కూడా అడగండి. పేర్ల వారీగా అడిగితే 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారమని తిరగ్గొడతారు, మొత్తాలే అడగాలి. "ఎందుకు తగ్గించారు" అని అడిగితే జవాబు రాదు, ఉన్న రికార్డు అడిగితేనే వస్తుంది. టీడీఎస్ ప్రధాన కార్యాలయంలోనే కడుతున్నామంటే దరఖాస్తును ఆ కార్యాలయానికి బదిలీ చేయమని అదే కాగితంలో రాసి పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ గడువు ముగిసిన 30 రోజుల్లోపు అదే బ్యాంకులోని మొదటి అప్పీలు అధికారికి అప్పీలు చేయాలి.